గ్రహశకలం నంబర్ 2596: నిజాం కాలేజీ విద్యార్థి పేరు



అంగారకుడికి, గురుగ్రహానికి మధ్య ఉన్న చోటు ఖాళీ కాదు. అక్కడ లక్షల సంఖ్యలో రాతి ముక్కలు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వాటినే గ్రహశకలాలు అంటాం. ఆ గుంపులో 2596 నంబర్ గల ఒక చిన్న శకలం ఉంది. కంటికి కనిపించదు, మామూలు బైనాక్యులర్‌కు కూడా దొరకదు. దాని పేరు వైను బప్పు.

ఈ పేరు గల మనిషి హైదరాబాద్‌లో పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. ఇరవై రెండేళ్లు నిండకముందే ఒక తోకచుక్కను కనిపెట్టాడు. మన దేశంలో ఈనాడు ఉన్న పెద్ద పెద్ద టెలిస్కోపుల వెనుక ఆయన చెయ్యి ఉంది. అయినా మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు దాదాపు కనిపించదు. పిల్లలకు గెలీలియో తెలుసు, న్యూటన్ తెలుసు, సి.వి. రామన్ తెలుసు. వైను బప్పు ఎవరని అడిగితే మాత్రం క్లాసంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అందుకే ఈ నెల జీవిత పరిచయానికి ఆయనను ఎంచుకున్నాను.

పేరు ఎలా పెడతారు?

ముందు పేరు సంగతి చూద్దాం. నక్షత్రాలకు మన పేరు పెడతామని డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. వాటికి శాస్త్రీయంగా ఏ విలువా లేదు. గ్రహశకలానికి పేరు డబ్బుతో రాదు, దానికి ఒక పద్ధతి ఉంది.

ఒక శకలాన్ని ఎవరైనా మొదటిసారి చూశారని తేలితే ముందు ఒక తాత్కాలిక గుర్తు ఇస్తారు. అందులో కనిపెట్టిన సంవత్సరం ఉంటుంది. దాని పక్కన అక్షరాలు ఉంటాయి. సంవత్సరాన్ని 24 సగం నెలలుగా విడగొట్టి ఒక్కో సగానికి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం ఇస్తారు. జనవరి మొదటి సగానికి ‘ఎ’, రెండో సగానికి ‘బి’, ఇలా వరుసగా. ‘ఐ’ అక్షరాన్ని వదిలేస్తారు, ఎందుకంటే అది ఒకటి అంకెలా కనబడుతుంది. మన కథలోని శకలం 1979 మే 19న దొరికింది. మే నెల రెండో సగం కాబట్టి దానికి ‘కె’ అక్షరం పడింది. ఈ లెక్కను మీ పిల్లలతో వేయించి చూడండి, ఐదు నిమిషాల్లో తేలుస్తారు.

ఆ తర్వాత దానిని మళ్లీ మళ్లీ చూసి, అది ఏ దారిలో తిరుగుతోందో కచ్చితంగా లెక్క కట్టాలి. ఒకసారి కనిపించి మాయమయ్యే దానికి శాశ్వత నంబర్ ఇవ్వరు. దారి ఖాయమైతేనే నంబర్ వస్తుంది. నంబర్ వచ్చాకే పేరు. పేరు సూచించే హక్కు కనిపెట్టిన వారిది. దానిని ఒప్పుకోవలసింది అంతర్జాతీయ ఖగోళ సంఘం. పేరు 16 అక్షరాలు దాటకూడదు. రాజకీయ నాయకులు, సైనికాధికారుల పేర్లయితే వారు చనిపోయి వందేళ్లు గడవాలి. వ్యాపార ప్రకటనలకు చోటు లేదు.

ఈ 2596 శకలాన్ని కనిపెట్టింది రిచర్డ్ వెస్ట్ అనే డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో లా సియ్యా అనే కొండ మీద యూరప్ దేశాలు కలిసి నడిపే అబ్జర్వేటరీ ఉంది. అక్కడి నుంచి చూశాడు. ఎక్కడి చిలీ, ఎక్కడి డెన్మార్క్, ఎక్కడి హైదరాబాద్! అంత దూరాన ఉన్న శాస్త్రవేత్తలు తమ శకలానికి మన వాడి పేరు ఎందుకు పెట్టుకున్నారో తెలియాలంటే, కథను హైదరాబాద్ నుంచి మొదలుపెట్టాలి.

అబ్జర్వేటరీ నీడలో బాల్యం

మనాలి కల్లట్ వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబం కేరళ ప్రాంతానిది. తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. అలా ఆ పిల్లవాడు హైదరాబాద్ వాడయ్యాడు.

నిజామియా అబ్జర్వేటరీ గురించి రెండు మాటలు చెప్పాలి. నవాబ్ జఫర్ జంగ్ అనే హైదరాబాద్ ప్రముఖుడు 1901లో సొంత డబ్బుతో ఇంగ్లండ్ నుంచి ఒక టెలిస్కోప్ తెప్పించి దానిని స్థాపించారు. ఆయన తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం దానిని తీసుకుని బేగంపేటలో నడిపింది. ప్రపంచంలోని అనేక అబ్జర్వేటరీలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని నక్షత్రాల స్థానాలను నమోదు చేసే ఒక మహా కార్యక్రమం అప్పట్లో నడిచింది. అందులో కొంత ఆకాశం హైదరాబాద్ వంతుకు వచ్చింది. రాత్రి ఫొటో ప్లేట్లు తీయడం, పగలు కూర్చుని ఒక్కో చుక్క స్థానం కొలవడం, రిజిస్టర్లలో రాయడం అక్కడి పని. ఏళ్ల తరబడి లక్షల చుక్కలు కొలిచారు.

అలాంటి చోట పనిచేసే తండ్రికి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు వైను. పెద్ద ఆస్తి ఏమీ లేదు. కానీ ఒకటి దొరికింది. నాన్న పనిచేసే చోటికి వెళ్లి చూసే అవకాశం. టెలిస్కోప్ ఆ పిల్లవాడికి పుస్తకంలో బొమ్మ కాదు, రోజూ చూసే వస్తువు. ఓపిగ్గా కొలిచే మనుషులను దగ్గరగా చూశాడు.

చదువుకునే రోజుల్లోనే ఆయన చర తారలను గమనించడం మొదలుపెట్టారు. చర తారలంటే వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉండక పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలు. రోజూ రాత్రి చూసి, పక్కనున్న చుక్కలతో పోల్చి, ఎంత వెలుగు ఉందో రాసుకోవాలి. ఒక్క రోజులో ఏమీ తేలదు. నెలలు పడుతుంది. నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదువుతూనే ఈ పని చేసి, కాలేజీ వయసులోనే పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఆ చదువు పూర్తయ్యాక హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీకి వెళ్లారు.

తోకచుక్క దొరికిన రాత్రి

హార్వర్డ్‌లో చేరి కొన్ని నెలలే అయింది. 1949 జూలై 2 రాత్రి యూనివర్సిటీ వారి ఓక్ రిడ్జ్ అబ్జర్వేటరీలో ఆకాశాన్ని ఫొటో తీసే పని ఆయన మీద పడింది. అప్పట్లో ఫొటోలు గాజు ప్లేట్ల మీద తీసేవారు. తీసిన ప్లేటును కడిగి, ఆరబెట్టి, వెలుతురు ముందు పెట్టి చూడాలి. నక్షత్రాలన్నీ చుక్కల్లా కనబడుతున్నాయి. ఒక్కటి మాత్రం వేరుగా, మసకగా ఉంది. బప్పు దానిని ప్లేటు మీద మరకలే అని వదిలేయలేదు. అది అప్పటివరకు ఎవరికీ తెలియని తోకచుక్క.

ప్రొఫెసర్ బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ కూడా దాని లెక్కల్లో పాలుపంచుకున్నారు. అందుకే ఆ తోకచుక్కకు బప్పు–బాక్–న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. అది మళ్లీ సూర్యుడి దగ్గరికి రావడానికి దాదాపు 60 వేల సంవత్సరాలు పడుతుందని లెక్క తేలింది. అమెరికాలోని పసిఫిక్ ఖగోళ సంఘం ఆయనకు డోనహో తోకచుక్క పతకం ఇచ్చింది.

దీనికి తోక లాంటి ఒక ముచ్చట ఖగోళ శాస్త్రవేత్తల మధ్య నేటికీ చెప్పుకుంటారు. ఈ వార్త హైదరాబాద్ చేరినప్పుడు స్కాలర్‌షిప్ ఇచ్చిన అధికారులు మెచ్చుకోవడానికి బదులు మందలించారట. పంపింది ఒక కోర్సు చదవడానికైతే ఈ తోకచుక్కల వెంట పడటమేమిటని వారి అభ్యంతరం.

వినగానే నవ్వొస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే ఆ అధికారి మనకు కొత్తవాడు కాదు. మన ఇళ్లలోనూ, మన స్టాఫ్ రూముల్లోనూ ఉంటాడు. ఇది పరీక్షలో వస్తుందా, దీనికి మార్కులెన్ని, సిలబస్ వదిలేసి ఇదేమిటి అని అడిగేవాడు అతడే. ఆ అధికారిని చెడ్డవాడని అనలేం. ప్రభుత్వ డబ్బుకు జవాబు చెప్పాల్సిన మనిషి. మీరు కష్టపడి కట్టే ఫీజుకు ఫలితం అడగడం ఎంత న్యాయమో, అతడి ప్రశ్న కూడా అంతే న్యాయం.

అతడు చూడనిది ఒక్కటే. బప్పు చదువు మానేసి తోకచుక్క వెతకలేదు. అప్పగించిన పనే చేస్తున్నారు. అందరూ చేసే పనిని కాస్త ఎక్కువ శ్రద్ధగా చేశారు. ప్లేటు తీయడం సిలబస్ అనుకుంటే, ఆ ప్లేటును మూల మూలా చూడటం సిలబస్‌లో లేని భాగం. రెండూ ఒకే పనిలో ఉన్నాయి, ఒకే రాత్రి జరిగాయి. చదువు వేరు, కుతూహలం వేరు అని గీత గీస్తే ఆ మసక చుక్క మరకగానే మిగిలిపోయేది. ఆయన చదువు కూడా ఎక్కడా ఆగలేదు. 1952లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ తీసుకున్నారు.

గోదావరి అవతలి దీపం

తర్వాత ఆయనకు కార్నెగీ ఫెలోషిప్ వచ్చింది. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ అబ్జర్వేటరీల్లో పనిచేశారు. ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల టెలిస్కోప్ పాలోమార్‌లోనే ఉండేది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన పని 1957లో వెలువడింది. దానికి విల్సన్–బప్పు ప్రభావం అని పేరు. నేటికీ ఖగోళ శాస్త్ర పుస్తకాల్లో ఆ పేరుతోనే ఉంది.

దానిని మన ఊరి భాషలో చెబుతాను. రాత్రిపూట భద్రాచలం వంతెన మీద నిలబడి చూస్తే అవతల ఒక దీపం కనిపిస్తుంది. అది దగ్గరున్న చిన్న బల్బా, దూరంగా ఉన్న పెద్ద ఫ్లడ్‌లైటా? కేవలం చూసి చెప్పలేం. ఆ దీపం ఎన్ని వాట్లదో ఎవరైనా చెబితే, ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం లెక్క కట్టవచ్చు. నక్షత్రాల విషయంలోనూ ఇదే చిక్కు. పైకి వెళ్లి బల్బు మీద వాట్లు చదివే వీల్లేదు.

నక్షత్రపు వెలుగును ఇంద్రధనుస్సులా విడదీస్తే మధ్యలో నల్లని గీతలు కనబడతాయి. ఒక్కో గీత ఒక్కో మూలకానిది. కాల్షియం వల్ల వచ్చే ఒక నల్లని గీత మధ్యలో, సూర్యుడిలాంటి, ఇంకా చల్లని నక్షత్రాల్లో, సన్నని వెలుగు గీత ఒకటి ఉంటుంది. ఆ వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రం నిజంగా అంత ప్రకాశవంతమైనదని విల్సన్, బప్పు తేల్చారు. అంటే బల్బు మీద రాసిన వాట్లను ఇక్కడి నుంచే చదివే పద్ధతి దొరికింది. వాట్లు తెలిస్తే దూరం తెలుస్తుంది.

ఈ పని కోసం వారు చేసిందేమిటి? గీతల వెడల్పు కొలవడం. ఒకటి తర్వాత ఒకటిగా ఎన్నో నక్షత్రాలవి. బేగంపేటలో చిన్నప్పుడు చూసిన పనికి ఇది మరీ దూరమేమీ కాదు.

టెలిస్కోప్ లేని చోటికి తిరిగి వచ్చి

ప్రపంచంలోనే పెద్ద టెలిస్కోప్ దగ్గర పనిచేసిన మనిషి 1953లో తిరిగి ఇండియా వచ్చారు. ఇక్కడ ఆ స్థాయి టెలిస్కోప్ ఒక్కటీ లేదు. 1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో ఒక అబ్జర్వేటరీ మొదలుపెట్టింది. కొద్ది నెలలకే దాని బాధ్యత బప్పు మీద పడింది. వారణాసి గాలిలో దుమ్ము, తేమ ఎక్కువ. నక్షత్రాలు చూడటానికి కొండ మీద స్వచ్ఛమైన గాలి కావాలి. అందుకని అబ్జర్వేటరీని నైనితాల్‌కు తరలించారు. అది ఈనాడు దేశంలోని ముఖ్యమైన పరిశోధన సంస్థల్లో ఒకటిగా ఎదిగింది.

1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టర్ అయ్యారు. అప్పటికి వయసు 32 ఏళ్లు. కొడైకెనాల్ సూర్యుడి పరిశీలనకు పేరున్న చోటు. రాత్రి ఆకాశం చూడటానికి మాత్రం అక్కడి మబ్బులు అడ్డం. ఇంకో స్థలం కావాలి. దానికి మూడు లక్షణాలు ఉండాలి. ఊళ్ల దీపాలకు దూరంగా చీకటిగా ఉండాలి. మబ్బులేని రాత్రులు ఎక్కువ ఉండాలి. వీలైనంత దక్షిణాన ఉండాలి, ఎందుకంటే దక్షిణానికి వెళ్లేకొద్దీ దక్షిణార్ధగోళపు ఆకాశం కూడా ఎక్కువగా కనిపిస్తుంది.

అలా వెతికి ఎంచుకున్న చోటు తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు. చుట్టూ అడవి, గిరిజన పల్లెలు. చర్ల, దుమ్ముగూడెం వైపు తిరిగినవారికి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. 1968లో అక్కడ మొదటి టెలిస్కోప్ నిలబెట్టారు. దాని అద్దం వెడల్పు 38 సెంటీమీటర్లే. అంటే మన స్కూల్ పిల్లల పెద్ద స్కేలు కన్నా కాస్త ఎక్కువ. దానిని కొనుక్కురాలేదు, సొంతంగా తయారు చేసుకున్నారు. 1972లో ఒక మీటర్ టెలిస్కోప్ వచ్చింది.

ఆ ఏడాదే ఫలితం కనిపించింది. గురుగ్రహపు ఉపగ్రహం గ్యానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుగా వెళ్లినప్పుడు కావలూరు నుంచి, ఇండోనేషియా నుంచి గమనించారు. నక్షత్రం వెలుగు ఎలా తగ్గిందో చూసి గ్యానిమీడ్ చుట్టూ పలుచని వాతావరణం ఉండవచ్చని సూచనలు దొరికాయి. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందుగా వెళ్లింది. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసింది ఆ రాత్రే. అమెరికా శాస్త్రవేత్తలు విమానంలో ఎగురుతూ గమనించి ఆ సంగతి తేల్చారు. అదే రాత్రి కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి గమనించిన రికార్డుల్లోనూ నక్షత్రం వెలుగు ఒక్కసారిగా తగ్గిన గుర్తు నమోదైంది.

1971లో కొడైకెనాల్, కావలూరు కలిసి స్వతంత్ర సంస్థ అయ్యాయి. అదే బెంగళూరు కేంద్రంగా ఉన్న భారత ఖగోళ భౌతిక సంస్థ. దానికి మొదటి డైరెక్టర్ బప్పు.

ఖమ్మం మీద పడిన నీడ

మన జిల్లాల్లోని తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలను ఒక మాట అడిగి చూడండి. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం ఏం జరిగిందని. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. ఉత్తర కర్ణాటక తీరంలో మొదలైన చంద్రుడి నీడ రాయచూరు, నల్గొండ, ఖమ్మం, భద్రాచలం మీదుగా ఒడిశా తీరం వైపు సాగింది. పట్టపగలు ఒకటి రెండు నిమిషాలు చీకటి. అంతకు ముందు మన దేశంలో అలాంటి గ్రహణం 1898లో వచ్చింది.

ఆ రోజు చాలా ఊళ్లలో వీధులు ఖాళీ. తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. నేరుగా చూస్తే కళ్లు పోతాయన్న భయం నిజమే. పాక్షికంగా ఉన్నంతసేపు సూర్యుడిని కళ్లతో నేరుగా చూడకూడదు, ఆ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే. అదే రోజు దేశ విదేశాల శాస్త్రవేత్తలు ఆ నీడ దారిలో శిబిరాలు వేసుకుని కాచుకున్నారు. హైదరాబాద్ దగ్గర జాపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీ ఉస్మానియా యూనివర్సిటీది. అక్కడికి చాలామంది వచ్చారు. బప్పు నడుపుతున్న సంస్థ కూడా నీడ దారిలో శిబిరాలు వేసింది. ఒకే నీడ కింద ఒకరు తలుపు వేసుకున్నారు, ఇంకొకరు కెమెరా పెట్టుకున్నారు. తప్పు తలుపు వేసుకున్నవారిది కాదు. సురక్షితంగా ఎలా చూడాలో చెప్పే మనిషి ఆ రోజు ప్రతి ఊళ్లో లేడు. ఇప్పుడు ఆ పని చేయాల్సింది మన స్కూళ్లు.

చూడకుండానే వెళ్లిపోయిన పెద్ద టెలిస్కోప్

బప్పుకు ఒక పెద్ద పని మిగిలింది. విదేశం నుంచి కొని తెచ్చేది కాకుండా, మన దేశంలోనే పెద్ద టెలిస్కోప్ తయారు చేయాలి. అద్దం వెడల్పు 2.34 మీటర్లు. దాని గాజును బెంగళూరులో నెలల తరబడి అరగదీసి, నున్నగా చేసి, వంపు తెచ్చారు. యంత్ర భాగాలు మన దేశపు కర్మాగారంలోనే తయారయ్యాయి. కొనడం తేలిక, చేయడం కష్టం. కానీ చేస్తేనే చేసే మనుషులు తయారవుతారు.

ఆ మధ్యలోనే 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలందరి సంఘానికి ఒక భారతీయుడు అధ్యక్షుడు కావడం అదే మొదటిసారి. 1981లో పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టులో ఆ సంఘం మహాసభ గ్రీస్ దేశంలో జరిగింది. అధ్యక్ష స్థానంలో కూర్చోవలసిన మనిషి ఆ సమయంలో జర్మనీలోని మ్యూనిక్‌లో గుండె ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రిలో ఉన్నారు. ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. వయసు 55 ఏళ్లు.

పెద్ద టెలిస్కోప్ పూర్తి కావడం ఆయన చూడలేదు. 1986 జనవరిలో అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి ఆ టెలిస్కోప్‌కు, ఆ అబ్జర్వేటరీకి వైను బప్పు పేరు పెట్టి జాతికి అంకితం చేశారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాగుంది. 1861లో మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పోగ్సన్ ఒక గ్రహశకలం కనిపెట్టారు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటిది కాబట్టి దానికి ఏషియా అని పేరు పెట్టారు. ఆయన 1885 దాకా మరికొన్ని కనిపెట్టారు. తర్వాత వందేళ్లకు పైగా మన దేశం నుంచి కొత్త శకలమేదీ దొరకలేదు. 1988 ఫిబ్రవరి 17న ఆ ఖాళీని పూడ్చింది కావలూరే. రాజమోహన్ అనే శాస్త్రవేత్త అక్కడి నుంచి కనిపెట్టిన శకలానికి 4130 నంబర్ వచ్చింది. దానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. చిలీ నుంచి ఒకరు మన వాడి పేరు ఆకాశంలో రాస్తే, మన వాడు కట్టిన చోటి నుంచి మనమే ఇంకో పేరు రాశాం.

మనం ఏం చేయవచ్చు?

ఇది చదివి మీ అబ్బాయిని, అమ్మాయిని ఖగోళ శాస్త్రవేత్త చేయమని నేను చెప్పడం లేదు. డాక్టరో, ఇంజినీరో కావాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు. ఈ జీవితంలో నాకు కనిపించిన మూడు చిన్న పనులు మాత్రం మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, మీ పని మీ పిల్లలకు చూపించండి. బప్పుకు దక్కిన పెద్ద అదృష్టం నాన్న పనిచేసే చోటు. మన తల్లిదండ్రుల్లో కొత్తగూడెం, మణుగూరు సింగరేణి ఉద్యోగులున్నారు. సారపాక పేపర్ మిల్లులో, పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారున్నారు. ఖమ్మం మార్కెట్ యార్డుకు మిర్చి తెచ్చే రైతులున్నారు. అటవీ శాఖలో, ఆస్పత్రుల్లో, షాపుల్లో ఉన్నవారున్నారు. కాగితం ఎలా తయారవుతుందో, కాటా ఎలా తూస్తుందో, మిర్చిలో తేమ ఎలా చూస్తారో మీకు తెలిసినంత మా టీచర్లకు తెలియదు. సెలవు రోజున వీలున్న మేరకు తీసుకెళ్లి చూపించండి. వీలుకాకపోతే అన్నం తినేటప్పుడు చెప్పండి.

రెండోది, మన చీకటిని వాడుకోండి. హైదరాబాద్ పిల్లలకు లేనిది మనకు ఉంది. దీపాలు తక్కువగా ఉన్న అడవి అంచు పల్లెలు. బంధువుల ఊరు వెళ్లినప్పుడు పెద్దలు తోడుండి డాబా మీద అరగంట కూర్చోబెట్టండి. ఫోన్ పక్కన పెడితే పది పదిహేను నిమిషాల్లో కళ్లు చీకటికి అలవాటుపడతాయి. శ్రీరామనవమి రోజున ఒక చిన్న పరీక్ష చేయించండి. భద్రాద్రిలో కల్యాణం మధ్యాహ్నం జరుగుతుంది కదా. ఆ సాయంత్రం పొద్దుగుంకే వేళ చంద్రుడు ఎక్కడున్నాడో, ఎంత ఉన్నాడో చూసి బొమ్మ గీయమనండి. సగం కన్నా కాస్త పెద్దగా, దాదాపు నడినెత్తిన కనిపిస్తాడు. ప్రతి ఏడాదీ ఎందుకు అలాగే ఉంటాడో అడగండి. నవమి తిథి అంటే ఏమిటో పిల్లలే చెబుతారు.

మూడోది, ఒక నోట్‌బుక్ ఇవ్వండి. మార్కులు లేని నోట్‌బుక్. రోజూ ఒక్కటే విషయం కొలిచి రాయాలి. పెరట్లో కర్ర నీడ పొడవో, గోదావరి నీటిమట్టమో, చెట్టుకు కొత్త ఆకులో, ఏదైనా సరే. నెల రోజులు తప్పకుండా రాస్తే చాలు. పెద్ద టెలిస్కోపులు తీసిన చిత్రాలను స్కూల్ పిల్లలే కంప్యూటర్‌లో పోల్చి కొత్త గ్రహశకలాలను వెతికే అంతర్జాతీయ కార్యక్రమాలు ఇప్పుడు ఉన్నాయి. మన దేశపు పిల్లలు వాటిలో పాల్గొంటున్నారు. అక్కడ కావలసింది ఖరీదైన పరికరాలు కాదు. అదే చిత్రాన్ని నాలుగోసారి కూడా మొదటిసారిలా చూసే ఓపిక.

ఆ నోట్‌బుక్‌లో మీ పిల్లలు ఏదైనా వింతగా రాస్తే, ఇది పరీక్షలో వస్తుందా అని అడిగే ముందు, ఒకసారి పక్కన కూర్చుని అదేమిటో మీరూ చూడండి. చూసిన తర్వాత ఆ నోట్‌బుక్‌ను స్కూల్‌కు పంపండి. మేమూ చూస్తాం.